కొలెస్టరాల్ తగ్గడం లేదా? థైరాయిడ్ సంగతి చూడండి

ఉగాది సంబరాల్లో కలిసినా, వనభోజనాల్లో కలిసినా మనవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది కొలెస్టరాల్ గురించే. "నెయ్యి మానేశాం, రోజూ నడుస్తున్నాం, అయినా తగ్గడం లేదు డాక్టరుగారూ!" అంటారు. నేను తిరిగి అడిగేది ఒకటే: "థైరాయిడ్ పరీక్ష చేయించారా?" మెడలో ఉన్న గ్రంథికీ, రక్తంలో కొవ్వుకీ ఏమిటి సంబంధం అని ఆశ్చర్యపోతారు.

సంబంధం ఉంది. రక్తంలోని చెడ్డ కొలెస్టరాల్‌ని, అంటే ఎల్.డి.ఎల్.ని, పట్టి తీసేసేది కాలేయం. ఆ పనిచేసే రిసెప్టర్లు తగినన్ని తయారుకావాలంటే థైరాయిడ్ హార్మోను కావాలి. హార్మోను తగ్గితే ఎల్.డి.ఎల్. రక్తంలోనే పేరుకుంటుంది. కొందరిలో ట్రైగ్లిజరైడ్లు, హోమోసిస్టీన్ కూడా పెరుగుతాయి. ఇవన్నీ గుండెకు మంచివి కావు.

థైరాయిడ్ మందగించడానికి అమెరికాలో ముఖ్య కారణం హషిమోటో వ్యాధి. 1912లో హకారు హషిమోటో అనే జపాన్ వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు. కంచే చేను మేసినట్లు, మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తుంది. ఇది ఆడవారిలో చాలా ఎక్కువ. అలసట, మలబద్ధకం, జుట్టు రాలడం, చలికి తట్టుకోలేకపోవడం దీని లక్షణాలు. మన ఆడవారు "ఇల్లూ, ఉద్యోగమూ, పిల్లలూ, పైగా ఈ దేశపు చలీ" అని సరిపెట్టుకుంటారు. ఈలోగా ఏళ్ళు గడిచిపోతాయి.

మనకు ఇది మరీ ముఖ్యం. 2018లో వెలువడిన అమెరికన్ కొలెస్టరాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా సంతతి కావడాన్నే గుండెజబ్బు ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా చేర్చాయి.

పరీక్ష తేలిక. టి.ఎస్.హెచ్. సాధారణంగా 0.4 నుంచి 4.0 మధ్య ఉంటుంది. ఎద్దులు నెమ్మదిస్తే బండివాడు అదిలింపు పెంచినట్లు, థైరాయిడ్ మందగిస్తే టి.ఎస్.హెచ్. పెరుగుతుంది. 10 దాటితే సాధారణంగా మందు మొదలుపెడతాం. 4కీ 10కీ మధ్య ఉంటే వయసు, లక్షణాలు, గుండె పరిస్థితి చూసి నిర్ణయిస్తాం. డెబ్భై దాటినవారిలో కాస్త ఎక్కువున్నా చాలాసార్లు మందు అక్కర్లేదు. గర్భిణుల లెక్క వేరు. ఇక టి.పి.ఓ. యాంటీబాడీలు వ్యాధిని గుర్తించడానికే. ఆ అంకె తగ్గించడం కోసం మందు వాడం, మాటిమాటికీ పరీక్షా అక్కర్లేదు.

మందు వాడేవారికి నాలుగు మాటలు:

• పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో వేసుకోండి. కాఫీ, టిఫిను అరగంట నుంచి గంట తర్వాతే.
• ఐరన్, కాల్షియం బిళ్ళలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.
• జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే పరీక్షకు రెండు రోజుల ముందు ఆపండి. అది ఫలితాన్ని తప్పుగా చూపించగలదు.
• మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్ళీ పరీక్ష. నీరసంగా ఉందని సొంతంగా మోతాదు పెంచుకోవద్దు. ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, ఎముకలు పలచబడతాయి.

అలాగని కొలెస్టరాల్ పెరిగిన ప్రతివారికీ థైరాయిడ్ లోపం ఉండదు. అది సరైన తర్వాత కూడా ఎల్.డి.ఎల్. తగ్గకపోతే స్టాటిన్ మందు అవసరమే కావచ్చు. కానీ థైరాయిడ్ లోపాన్ని గుర్తించకుండా స్టాటిన్ వాడితే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ముందు ఆ పరీక్ష అడగండి. వాడుతున్న మందును మాత్రం మీ డాక్టరుతో మాట్లాడకుండా మానకండి.

పిల్లలూ, మీకూ ఒక పని! ఈసారి అమ్మమ్మతోనో, నానమ్మతోనో ఫోనులో మాట్లాడేటప్పుడు మన ఇంట్లో ఎవరెవరికి థైరాయిడ్, ఎవరికి ఏ వయసులో గుండెజబ్బు వచ్చాయో అడిగి ఒక కాగితం మీద రాయండి. ఇక్కడ డాక్టరు మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి. ఆ కాగితం అమ్మ చేతికివ్వండి.