మీరు వర్కింగా?

పోయిన శ్రావణంలో మా తోటికోడలి కొత్తింటి గృహప్రవేశం. ముహూర్తం తెల్లవారుజామున కావడంతో నేను రెండున్నరకే లేచాను. పాలు పొంగించడానికి గిన్నె, బియ్యం, బెల్లం సర్దడం, పంతులుగారు అడిగినప్పుడల్లా అడిగింది అందించడం, వచ్చినవాళ్ళకి కాఫీలు కలపడం, ముత్తైదువులకి తాంబూలాలు కట్టడం... పదకొండింటికి ఇక కాళ్ళు నిలవక ఒక కుర్చీలో కూలబడ్డాను. పక్క కుర్చీలో ఉన్నావిడ మా మరిదితో కలిసి ఉద్యోగం చేస్తారట. నవ్వుతూ పలకరించారు.

"మీరు వర్కింగా అండీ?"

"లేదండీ, ఖాళీయే. ఇంట్లోనే ఉంటాను" అన్నాను.

రెండున్నర నుంచి నిలబడ్డ మనిషి నోటివెంట 'ఖాళీయే' అన్న మాట ఎంత సులువుగా వచ్చిందో చూడండి! నాకప్పుడు ఏమీ అనిపించలేదు. మా అమ్మాయి పక్కనే నిలబడి వింది.

వారం తిరక్కుండానే అది డిగ్రీలో చేరడానికి దరఖాస్తు నింపుతోంది. నాన్న ఉద్యోగం రాసింది. అమ్మ దగ్గరికొచ్చేసరికి ఫోన్లోంచి తల ఎత్తకుండానే, "అమ్మా, నాట్ వర్కింగ్ అని పెట్టేస్తున్నా" అంది. అప్పుడు నేను ఒక చేత్తో పెసరట్టు తిరగేస్తూ, ఇంకో చేత్తో మా అత్తగారి బీపీ మాత్రలు తీస్తున్నాను.

"అదేంటే, అలా పెడతావా?" అన్నాను.

"నువ్వే కదమ్మా మొన్న ఆ ఆంటీతో అన్నావు, ఖాళీ అని!"

ఏం చెప్తాను? తప్పు దానిది కాదు. నేను నేర్పిన మాటే నాకు అప్పజెప్పింది.

నేను చదివింది బీఏ తెలుగు. చదువు ఉద్యోగానికి ఉపయోగపడలేదు కానీ, ఏదైనా మాట గుచ్చుకుంటే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసే జబ్బు మాత్రం మిగిలింది. ఈ 'వర్క్' అనే ఇంగ్లీషు మాట మా ఇంట్లో ఎన్ని రకాలుగా వాడుతున్నామో ఒక రోజంతా గమనించాను.

పొద్దున్నే మా ఆయన, "గీజరు వర్క్ అవ్వట్లేదు" అన్నారు. మావాడు, "హోంవర్క్ మర్చిపోయాను, టీచర్ చంపేస్తుంది" అని గోల. టైలర్ ఫోన్ చేసి, "మేడమ్, పాప బ్లౌజు ప్లెయినా, మగ్గం వర్కా?" అని అడిగాడు. మా ఆడపడుచు, "ఆ గుంటూరు సంబంధం వర్కవుట్ కాలేదు వదినా" అని నిట్టూర్చింది. ఎదురింటి అబ్బాయి చెమటలు కక్కుకుంటూ వచ్చాడు, వర్కవుట్స్ చేసి వస్తున్నాడట. కింద అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, "రెండు రోజులు ప్లంబింగ్ వర్క్ ఉంది, నీళ్ళు పట్టుకోండమ్మా" అని చెప్పి వెళ్ళాడు. సాయంత్రానికి మెకానిక్ వచ్చి గీజరు బాగుచేసి, "ఇక వర్కింగే సార్" అన్నాడు.

చూశారా? పాడైన గీజరు కూడా సాయంత్రానికల్లా వర్కింగ్ అయిపోయింది. నేను మాత్రం ఇరవై రెండేళ్ళుగా నాట్ వర్కింగే!

కరోనా రోజులు గుర్తున్నాయా? మా మరిది మా ఇంట్లోనే వెనక గదిలో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాడు. దానికి 'వర్క్ ఫ్రం హోం' అని పేరు. మా అత్తగారు పిల్లల్ని కేకలేసేవారు, "బాబాయి పని చేసుకుంటున్నాడు, గోల చెయ్యకండి" అని. ఆ గదిలోకి పూటకి రెండుసార్లు టీ, మధ్యాహ్నం భోజనం నేనే అందించేదాన్ని. ఒకే ఇంట్లో ఇద్దరం పని చేస్తున్నాం. గది లోపలిది వర్క్. గది బయటిది ఏమిటో మరి, దానికి పేరే లేదు.

అన్నిటికన్నా గట్టి దెబ్బ మావాడి ఫిజిక్సు పుస్తకం కొట్టింది. తొమ్మిదో తరగతి వాడికి 'పని - శక్తి' పాఠం అప్పజెప్పించుకుంటున్నాను. పని అంటే బలాన్ని స్థానభ్రంశంతో గుణించడమట. గోడని ఎంతసేపు తోసినా, గోడ కదలకపోతే చేసిన పని సున్నా. నెత్తిన మూట పెట్టుకుని చదును నేల మీద ఎంత దూరం నడిచినా, ఆ మూటని పైకెత్తి పట్టుకున్న బలం చేసిన పని కూడా సున్నాయేనట.

"మరి వాడికి మెడనొప్పి రాదట్రా?" అని అడిగాను.

"నొప్పి వస్తుందమ్మా. కానీ పని కాదు" అన్నాడు.

నవ్వొచ్చింది, కాసేపటికి ఆలోచనా వచ్చింది. గిన్నెలు గూట్లోంచి పొయ్యి మీదికి, అక్కణ్ణుంచి సింకులోకి, మళ్ళీ గూట్లోకి. దుప్పటి మంచం మీంచి బకెట్లోకి, తీగ మీదికి, మళ్ళీ మంచం మీదికి. బయల్దేరిన చోటికే చేరితే స్థానభ్రంశం సున్నా అని మావాడే చెప్పాడు. మన పనులన్నీ రాత్రికి ఎక్కడివక్కడే ఉంటాయి. ఉండాలి కూడా, ఉంటేనే ఇల్లు నడుస్తుంది. అందుకే చేసినట్టు ఎవరికీ కనిపించదు. చెయ్యకపోతే మాత్రం మర్నాడే అందరికీ కనిపిస్తుంది.

ఇంగ్లీషులో పురిటి నొప్పులని 'లేబర్' అంటారు, లేబర్ అంటే శ్రమే. పిల్లని కనే కొన్ని గంటలు లేబర్ అన్నారు సరే, ఆ పిల్లని ఇరవై ఏళ్ళు పెంచడం ఏ లెక్కలోకీ రాకుండా పోయింది.

తెలుగు మాత్రం తక్కువ తిందా అంటారేమో. మన 'పని' మాటా గడుసుదే. పనితనం అంటే మెచ్చుకోలు, పనికిమాలిన అంటే తిట్టు. పనిపాటలు అని పని పక్కన పాటని కూర్చోబెట్టారు మనవాళ్ళు. మా అమ్మమ్మ కాలంలో కోడల్ని 'పనిమంతురాలు' అంటే పెద్ద బిరుదు. అయితే ఆ బిరుదు ఇచ్చి అమ్మమ్మ చేత పాతికమందికి వండించారని కూడా నాకు తెలుసు. పాతరోజులే బాగున్నాయని నేననను. ఒక్కటి మాత్రం ఉంది. ఆవిణ్ణి ఎవరూ 'ఖాళీ' అనలేదు. ఆవిడా అనుకోలేదు.

మాటదేముందిలే, ఏదో ఒకటి అంటాం అని మీకు అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కానీ మాట వెనకే లెక్క వస్తుంది, లెక్క వెనకే హోదా వస్తుంది.

మన జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసుకునే ఆడవాళ్ళు 'పని చేయనివాళ్ళ' కిందికి వస్తారు. 2001 జనాభా లెక్కల్లో గృహిణుల్ని బిచ్చగాళ్ళతో, ఖైదీలతో ఒకే గాటన కట్టారని సుప్రీంకోర్టు 2010లో ఒక తీర్పులో తప్పుపట్టింది. అది రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక ఇల్లాలి నష్టపరిహారం కేసు. అంతకుముందు 2001లో ఇంకో కేసులో, అగ్నిప్రమాదంలో పోయిన ఇల్లాళ్ళ సేవల విలువ నెలకు 3,000 రూపాయలని ఇదే కోర్టు కట్టింది. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ గారు కూడా ఇలాంటి కేసులోనే గృహిణి శ్రమకి విలువ కట్టడం ఎందుకు అవసరమో వివరంగా రాశారు. ఆ న్యాయమూర్తులందరికీ దణ్ణం పెట్టాలి. అయినా ఒక బాధ ఉండిపోతుంది. మన పనికి వెల ఉందని కోర్టులో తేలేది ఎక్కువగా మనం పోయాకే. బతికున్నన్నాళ్ళూ ఖాళీయే.

రమణ గారు ఆ తీర్పులో 2019 నాటి ప్రభుత్వ సర్వే అంకెలు ప్రస్తావించారు. ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో అడిగి రాసిన సర్వే అది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే, చేసే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారు. అసలు ఇంటిపని ముట్టుకోని మగవాళ్ళని ఈ సగటులో కలపనేలేదు. 2024లో మళ్ళీ సర్వే చేశారు. మనవి 289 నిమిషాలయ్యాయి. పోనీలే, పది నిమిషాలు తగ్గాయి అని సంతోషిద్దామంటే, వాళ్ళవి కూడా 88కి తగ్గాయి!

ఇక హోదా సంగతి. మేం ఈ ఫ్లాటు కొన్నప్పుడు ఇంటీరియర్ వర్క్ చేసే ఆయన వచ్చి, వంటింటి గట్టు ఎంత ఎత్తు పెట్టాలని మా ఆయన్ని అడిగాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. డబ్బు కట్టే మనిషి ఆయన, వర్కింగ్ ఆయన. ఆయన గట్టు ముందు నిలబడి, చేత్తో కొలిచి, "ఇంతుంటే బాగుంటుంది" అన్నారు. ఆయన నాకన్నా అరడుగు పొడుగు. ఆరేళ్ళుగా నేను ఆ గట్టు మీద మునివేళ్ళ మీద నిలబడి పిండి కలుపుతున్నాను. భుజం నొప్పికి రోజూ రాత్రి ఆయింట్‌మెంటు. ఆయన చెడ్డవారు కాదు, ఆ ఆయింట్‌మెంటు తెచ్చేదీ ఆయనే. కానీ ఆ రోజు "అక్కడ పని చేసేది నేను, నన్నడగండి" అని నాకు నోరు రాలేదు. ఎలా వస్తుంది? నేను ఖాళీ కదా.

ఇది చదివి, "అయితే ఏంటి, మొగుడి దగ్గర జీతం తీసుకుంటావా?" అని అడిగేవాళ్ళుంటారు. నాకా కోరికేమీ లేదు. "ప్రేమతో చేసేదానికి పేరెందుకు?" అంటారు ఇంకొందరు. ప్రేమతో పాఠం చెప్పే టీచరు లేదూ? ప్రేమగా చూసే నర్సు లేదూ? ప్రేమ కలిసినంత మాత్రాన వాళ్ళు చేసేది పని కాకుండా పోయిందా? మన ఇంట్లో గిన్నెలు తోమే అమ్మాయి నాలుగు రోజులు రాకపోతే, ఆ గిన్నెలే మనం తోముతాం. ఆమె తోమితే పని, మనం తోమితే ఖాళీ. ఇదెక్కడి న్యాయం?

నేననేది చిన్న మాట. లోకం మన పనికి పేరు పెట్టేదాకా ఆగక్కర్లేదు, ముందు మన నోటితో మనం కొట్టేసుకోవడం మానేద్దాం. "ఏం చేస్తున్నావు?" అని ఫోన్లో అడిగితే "ఏం లేదు, ఊరికే ఉన్నా" అంటాం, కుక్కరు అవతల విజిల్స్ వేస్తూనే ఉంటుంది. మన ఆడపిల్లలూ మగపిల్లలూ ఆ 'ఊరికే'ని వింటున్నారు. రేపు మావాడు తన భార్యని "రోజంతా ఇంట్లో ఏం చేశావు?" అని అడిగితే, ఆ ప్రశ్నలో సగం నాదే.

దరఖాస్తు సంగతి చెప్పలేదు కదూ. అందులో 'గృహిణి' అనే గడి లేదు. మా అమ్మాయి 'ఇతరములు' నొక్కి, "ఏమని రాయనమ్మా?" అంది. "ఇంటిపని అని రాయి" అన్నాను. రాసింది.

మొన్న కార్తీకమాసం వనభోజనాల్లో ఆ గృహప్రవేశం ఆవిడే మళ్ళీ కనిపించారు. ఈసారి నేనే మాట కలిపాను. "ఆ రోజు మీకు తప్పు చెప్పానండీ. నేనూ వర్కింగే, ఇంట్లో. జీతం ఒక్కటే లేదు" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వారు. నవ్వి నవ్వి, చీర కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ అన్నారు, "నేను రెండు చోట్ల చేస్తానండీ. జీతం ఒక్కచోటే ఇస్తారు."