పునీతుడి చేతిలో కొబ్బరిచెట్టు

ఫిలిప్పీన్స్‌లోని పనాయ్ ద్వీపంలో మియగావ్ అనే ఊరుంది. ఆ ఊరి చర్చి కట్టడం 1797లో పూర్తయింది. సముద్రం మీద నుంచి దాడులు జరిగినప్పుడు ఊరి జనం తలదాచుకోవాలని గోడలను కోటగోడలంత మందంగా లేపారు. చర్చి ముఖభాగమంతా శిల్పాలే. అందులో పునీత క్రిస్టోఫర్ బాలయేసును భుజానికెత్తుకుని నిలబడ్డాడు. ఐరోపా చిత్రాల్లో ఆయన ఊతకర్ర పట్టుకుని ఏరు దాటుతుంటాడు. ఇక్కడ మాత్రం కొబ్బరిచెట్టును పట్టుకున్నాడు. ఒంటి మీద బట్టలు ఆ ఊరి రైతువి. పక్కన బొప్పాయి, జామ చెట్లు. చెక్కినవాళ్ల పేర్లు మనకు అందలేదు గానీ వాళ్ల పెరడు అందింది.

అందరూ ‘స్థానిక వృక్షాలు’ అని మెచ్చుకునే ఆ చెట్లలోనూ ఓ తమాషా ఉంది. బొప్పాయి, జామ ఆ దీవుల్లో మొదటి నుంచీ ఉన్నవి కావు. అమెరికా ఖండం నుంచి స్పానిష్ ఓడల్లో వచ్చి దిగినవి. శిల్పి ఉలి పట్టేనాటికి అవి పెరటి చెట్లయిపోయాయి. మన పెరళ్లలోని బొప్పాయి, జామల కథ కూడా ఇంచుమించు ఇదే కదా!

ఫిలిప్పీన్స్ కళాచరిత్రను మూడు అధ్యాయాలుగా చెప్పడం రివాజు. స్పెయిన్ రాకముందు ఒకటి. 1565 నుంచి 1898 దాకా సాగిన స్పానిష్ పాలన, ఆ వెంటనే అమెరికా ఏలుబడి కలిపి మరొకటి. ఆ తర్వాత ఆధునికం. బడిపిల్లలు పరీక్ష రాయడానికి ఈ లెక్క సరిపోతుంది. కానీ అది చదివితే ఒకటి ముగిశాకే ఇంకొకటి మొదలైందని, పాతవన్నీ మ్యూజియాలకు చేరిపోయాయని అనిపిస్తుంది. అలా జరగలేదు.

మ్యూజియంలో ఉండాల్సినవి ఉన్నాయి, కాదనం. పలావాన్ ద్వీపంలోని మనుంగుల్ గుహలో 1964లో దొరికిన మట్టి కుండ అలాంటిది. చనిపోయినవారి ఎముకలను తీసి దాచిన కుండ అది. వయసు రెండున్నర వేల ఏళ్లకు పైమాటే. మూత మీద చిన్న పడవ, పడవలో ఇద్దరు. వెనకవాడు తెడ్డు వేస్తున్నాడు, తెడ్డు విరిగిపోయింది. ముందువాడు చేతులు ఛాతీ మీద కట్టుకుని కూర్చున్నాడు. పరలోకానికి సముద్రం మీదుగా వెళ్లాలన్న నమ్మకాన్ని బొటనవేలంత బొమ్మల్లో చూపించారు. మిందనావో ద్వీపంలోని అగుసాన్ లోయలో 1917లో బయటపడిన బంగారు దేవత విగ్రహం బరువు రెండు కిలోలకు కాస్త తక్కువ. బౌద్ధ తార అని చాలామంది పండితుల మాట. ఇప్పుడు అది షికాగో మ్యూజియంలో ఉంది. అమెరికా పాలన నాటి ఆ కొనుగోలు మీద ఫిలిప్పీన్స్‌లో నేటికీ మనసులు కుదుటపడలేదు.

ఇఫుగావో కొండల్లోని ‘బులుల్’ సంగతి వేరు. ధాన్యపు కొట్టుకు కాపలాగా చెక్కతో చెక్కిన మనిషి బొమ్మ అది. తరచుగా ఆడామగా జంటగా చేస్తారు. పూజలో పంది రక్తం, బియ్యపు సారా పూస్తారు. తరాలుగా పూసీ పూసీ చెక్కకు నల్లని నిగారింపు వస్తుంది. ఆ నిగారింపు చూసే సేకర్తలు ధర కడతారు. ధర పలికేసరికి కొత్త బొమ్మలకు పొగబెట్టి నలుపు తెచ్చేవాళ్లూ తయారయ్యారు. చిత్రకారుడు బెనెడిక్టో కాబ్రేరా బాగియో నగరం దగ్గర 2009లో తెరిచిన మ్యూజియంలో తన చిత్రాలతో పాటు బులుల్ బొమ్మలూ బారులు తీరి ఉంటాయి. ఆధునిక చిత్రకారుడొకరు వాటిని ఇంత ప్రేమగా చూసుకోవడం ముచ్చటే. అయినా కొట్టులో గింజ లేని కాపలాదారును చూస్తే కాస్త జాలి వేయకమానదు.

మూడు అధ్యాయాల లెక్కకు అస్సలు లొంగనిది మిందనావో. లనావో సరస్సు చుట్టూ ఉండే మరనావో ముస్లింలను స్పెయిన్ పూర్తిగా లోబరుచుకోలేకపోయింది. వాళ్ల ‘ఒకిర్’ లతలు, ఇళ్ల దూలాల చివర నాగు ఆకారాలు, వరసగా పేర్చిన కులింతాంగ్ గంటల వాద్యం, ‘దరంగెన్’ వీరగాథ ఏ చర్చి నీడా పడకుండానే పెరిగాయి. మనకు చుట్టరికం ఉన్న కథ కూడా అక్కడ ఒకటి దొరికింది. 1960ల చివర్లో పండితుడు జువాన్ ఫ్రాన్సిస్కో వెలుగులోకి తెచ్చిన ‘మహరాదియా లవన’ అనే గాథలో సీతాపహరణం ఉంది, రావణుడున్నాడు. రాముడి పేరు రాదియా మంగందిరి. లక్ష్మణుడి పేరు మాత్రం కోతికి దక్కింది! హనుమంతుడు చేసే పనులు ఆ లక్సమనే చేస్తాడు. మన భక్తులు నొచ్చుకోనక్కర్లేదు. కథ అన్ని సముద్రాలు దాటి మతం కూడా మారాక పేర్లు అటూ ఇటూ అయితే ఏం?

స్పెయిన్ వాళ్లు శిలువను, గిటారును, అచ్చుయంత్రాన్ని, నాటకాన్ని తెచ్చారు. వాటిని వాడుకలో పెట్టిన చేతులు మాత్రం స్థానికులవి, మనీలాలో స్థిరపడిన చైనా పనివారివి. ఏనుగు దంతంతో మరియమ్మ విగ్రహాలు చెక్కింది చైనావాళ్లే. అందుకే వాటిలో కొన్నింటి కళ్లు తూర్పు దేశపు కళ్లలా ఉంటాయి. లాస్ పిన్యాస్ చర్చికి పాదిరి దియెగో సెరా ఆర్గన్ వాద్యం చేయించాడు. లోహపు గొట్టాలు అన్నన్ని దొరకడం కష్టం, వెదురుకు కొదవ లేదు. 1824 నాటికి పూర్తయిన ఆ వాద్యంలో 1,031 గొట్టాలుంటే 902 వెదురువే. భూకంపాలు, తుపానులు తట్టుకుని అది నేటికీ మోగుతోంది. క్రీస్తు శ్రమల కథను తగలోగ్ భాషలో పద్యాలుగా రాస్తే, జనం దాన్ని పవిత్ర వారంలో రాత్రింబవళ్లు వంతులవారీగా పాడుకునే ఆచారంగా మలచుకున్నారు. చరిత్రకారుడు రెనాల్డో ఇలెటో ఆ పాటలో తిరుగుబాటు భాష విన్నాడు. బాధపడి, చచ్చి, లేచే నాయకుడి కథను ఏళ్ల తరబడి పాడుకున్న రైతుకు విప్లవం కొత్త మాటగా అనిపించలేదన్నది ఆయన వాదన. పాఠం నేర్పినవాళ్లు ఊహించని చోట ఆ పాఠం పనికొచ్చింది.

1884లో మాడ్రిడ్ చిత్ర ప్రదర్శనలో ఇద్దరు ఫిలిప్పీన్స్ యువకులకు పతకాలు దక్కాయి. ఫెలిక్స్ హిదాల్గోకు వెండి పతకం, హువాన్ లూనాకు బంగారు పతకం. లూనా చిత్రం ‘స్పోలియారియం’ ఏడున్నర మీటర్ల వెడల్పుంటుంది. రోమ్ క్రీడారంగంలో చచ్చిన మల్లులను చీకటి గదిలోకి ఈడ్చుకుపోతున్న దృశ్యం. అందులో ఫిలిప్పీన్స్ మనిషి ఒక్కడూ లేడు, కొబ్బరిచెట్టూ లేదు. శైలి ఐరోపా అకాడమీలు నేర్పినదే. కానీ ఆ విజయానికి మాడ్రిడ్‌లో జరిపిన విందులో హోసే రిసాల్ అనే యువకుడు మాట్లాడుతూ, ప్రతిభ ఏ ఒక్క దేశం సొత్తూ కాదని దొరల ముందే చాటాడు. పన్నెండేళ్ల తర్వాత అతన్ని కాల్చి చంపారు. ఆ బొమ్మలో ఈడ్చుకుపోతున్నది తమ దేశాన్నేనని జనం చదువుకున్నారు. లూనా అంత ఉద్దేశించాడో లేదో తెలియకపోయినా ఆ అర్థమే నిలిచింది. చిత్రం 1958లో సొంతగడ్డకు చేరింది. మనీలా జాతీయ మ్యూజియంలో అడుగుపెట్టగానే మొదట కనిపించేది అదే.

అమెరికా కాలానికి ఫెర్నాండో అమొర్సోలో వెలుగునిచ్చాడు. ఆయన పొలాల్లో ఎప్పుడూ బంగారు ఎండే, నాట్లు వేసే పడుచులు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. నిజంగా నాట్లేసినవాళ్లకు నడుము నొప్పి తెలుస్తుంది. 1928లో విక్టోరియో ఎదాదెస్ అమెరికాలో చదువుకుని వచ్చి ‘ది బిల్డర్స్’ను ప్రదర్శించాడు. మట్టిరంగులో, మొరటు దేహాలతో, చెమటోడ్చే కూలీలు. జనం ముఖం చిట్లించారు, ఒక్క చిత్రమూ అమ్ముడుపోలేదు. శిల్పి తొలెంతినోతో పత్రికల్లో ఏళ్లపాటు వాదులాట నడిచింది. 1945 యుద్ధంలో మనీలా నేలమట్టమయ్యాక ఆ ఎండ చిత్రాలతో సరిపెట్టుకోవడం కష్టమైంది. అమొర్సోలో కూడా కాలుతున్న నగరాన్ని గీశాడు. అధ్యక్షుడు మార్కోస్ సైనిక శాసనం నాటి చిత్రకారుల గురించీ, లీనో బ్రోకా సినిమాల గురించీ రాయాలంటే ఈ చోటు చాలదు.

ఆ మార్కోస్ ప్రభుత్వమే 1972లో ‘జాతీయ కళాకారుడు’ గౌరవాన్ని మొదలుపెట్టింది. తొలి పేరు అమొర్సోలోది. నేతగత్తెలు, గాథలు పాడేవాళ్లు ఆ జాబితాలో ఇమడలేదు. వాళ్ల కోసం వేరే చట్టం చేయడానికి మరో ఇరవై ఏళ్లు, అంటే 1992 దాకా పట్టింది. సెబు సరస్సు ఒడ్డున తిబోలి జాతి నేతగత్తె లాంగ్ దులాయ్‌కి 1998లో ఆ గౌరవం వచ్చింది. అరటికి దగ్గరి జాతి అయిన అబాకా మొక్క నారను, మన పోచంపల్లి నూలులాగే, నేయకముందే ముడులు కట్టి రంగులో ముంచుతారు. కాగితం మీద గీసుకోరు. దాదాపు వంద నమూనాలు ఆమె జ్ఞాపకంలోనే ఉండేవి. నమూనాలను అబాకా దేవత కలలో చూపిస్తుందని వాళ్ల నమ్మకం. అమ్మేటప్పుడు దేవత అలగకుండా బట్టకు ఇత్తడి ఉంగరం కడతారు. కలకూ బజారుకూ మధ్య ఇంత మర్యాదైన ఒప్పందం మరోచోట దొరకడం కష్టం.

1992 చట్టం కింద తొలి గౌరవం 1993లో అందుకున్న ముగ్గురిలో మిందోరో ద్వీపపు గినావ్ బిలోగ్ ఒకడు. హనునువో మంగ్యాన్ జాతి కవి. ఏడేసి అక్షరాల పాదాలతో సాగే ‘అంబాహన్’ పద్యాలను కత్తిమొనతో వెదురు మీద చెక్కేవాడు. ఆ లిపి బ్రాహ్మీ సంతతిది, అంటే మన తెలుగు లిపికి దూరపు బంధువు. స్పెయిన్ మూడు శతాబ్దాల పాలనలో తక్కిన దీవుల్లో ఇలాంటి లిపులు చాలావరకు మరుగున పడినా ఆ కొండల్లో నిలిచింది. మూడు అధ్యాయాల లెక్కలో చూస్తే అతను మొదటి అధ్యాయం మనిషి. పుట్టింది మాత్రం 1953లో, ఎదాదెస్ కూలీల చిత్రం వచ్చిన పాతికేళ్లకు.