పిచ్చి యను మాట

పిచ్చి యను మాటను మన పల్లెలు మిక్కిలి ఔదార్యముతో వాడుచున్నవి. నిద్రపట్టని రైతు, ప్రసవమైన పిమ్మట కారణము తెలియక కన్నీరు పెట్టు తల్లి, ఎవరివో గొంతుకలు వినబడుచున్నవను యువకుడు, అందరికిని అదియే పేరు. (సినిమాల మోజునకు సైతము అదే మాట!) పేరొక్కటియే యగుటచే రోగమొక్కటియే యనియు, దానికి మందు లేదనియు లోకము నిశ్చయించుకొన్నది.

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం వంటి మండలములో అప్పు తెచ్చి పత్తి వేసిన వాని దిగులు వైద్యునకు చెప్పదగినదని ఎందరు తలతురు? 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన సర్వేలో, వయోజనులలో నూటికి పదిమందికి పైగా మానసిక రుగ్మతలున్నట్లు తేలినది. వారిలో అత్యధికులకు చికిత్స అందలేదు.

1912 నాటి చట్టము రోగిని ఉన్మత్తుడని పిలిచినది. 2017 చట్టము చికిత్సను అతని హక్కుగా చేసినది. ఆత్మహత్యకు యత్నించి బ్రతికిన వాడు తీవ్రమైన మనోవ్యధలో నున్నవాడని భావించి, శిక్షింపరాదన్నది. పోలీసు కేసునకు వెరచి నోరు మూసికొనిన కుటుంబములకు ఇది చిన్న ఊరట కాదు.

2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరున రాత్రింబగళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. కౌన్సెలరు మొదట వినును. అవసరమైనచో వైద్యుని కడకు పంపును. ధైర్యముగా నుండుమని చెప్పుటకు ఊరిలో ఎటులను అందరును ఉన్నారు. అయినను ఒంటిగది ఇంటిలో, అత్త వినుచుండగా, కోడలు ఫోనులో ఏమి చెప్పుకొనగలదు?