ఛాయాచిత్రకళకు మన యాదరణము

నాగార్జునసాగరము నిండుకుండవలె నున్నపుడెల్ల నీటియడుగునఁ బడిన విజయపురి మాకు స్ఫురణకు వచ్చుచుండును. పురావస్తుశాఖవారు 1954 మొదలు 1960 వఱకు నచ్చటఁ ద్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను మెట్టకుఁ దరలించిరి. తక్కిన లోయ జలమగ్నమయ్యెను. ఆ లోయను నేఁడు చూడఁగోరువారికి నాఁటి ఛాయాచిత్రములే దిక్కు.

అయినను చిత్రము తీయువాఁడున్నఁ జాలదు. ఆదరించువారును, పదిమందికిఁ జూపువారును వలయును. నిజాము ప్రభువు ప్రాపున రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాదునందు స్త్రీలకై ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి, యొక యాంగ్లవనిత కప్పగించెను. అందువలనఁ బరదాచాటు స్త్రీల రూపములును నిలువఁగలిగినవి. ఆ నగరముననే 2015లో నారంభమైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ నేఁటి ఛాయాచిత్రకారుల కృతులను ప్రజలకుఁ జూపుచు వచ్చినది.

అట్టి ప్రదర్శనములు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటలకును రావలదా? పెండ్లిచిత్రములకు వేలకొలఁది వెచ్చించు మనము, మన నాట్లను, నాటువేయు పడఁతులను, మన వీధులను చిత్రించు యువతీయువకులయొద్ద నొక్క పటమైనఁ గొని గోడకుఁ దగిలింపరాదా? పాఠశాలలో నొక గది యిప్పించినఁ బ్రదర్శనము సిద్ధమే. మునిఁగినపిదప వగచుటకంటె, నుండఁగనే చూచుకొనుట మేలని మా మనవి.