ఆ చప్పట్లలో నావీ ఉన్నాయి

2019 డిసెంబరు 6, శుక్రవారం. ఇండియాలో అప్పుడే తెల్లవారింది. మా బెంటన్‌విల్‌లో ఇంకా గురువారం రాత్రి, అన్నాలు తినే వేళ. హైదరాబాద్ శివార్లలో వెటర్నరీ డాక్టర్ని చెరిచి, చంపి, తగలబెట్టిన కేసులో నిందితులు నలుగురూ షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారని వార్త. మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా చప్పట్ల బొమ్మలే. వాటిలో నావీ ఉన్నాయి. ఇద్దరాడపిల్లల తండ్రిని. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

2022 మే నెలలో సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. పోలీసులు చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది మీద హత్యానేరం కింద విచారణ జరపాలని అందులో ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా ఉంది. ఈసారి మా గ్రూపులో ఒక్క బొమ్మా రాలేదు. నేనూ ఏమీ పెట్టలేదు. ఆ మౌనానికి సిగ్గుపడే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఈ మాట ఎత్తితే పాట్‌లక్‌లలో వచ్చే మొదటి జవాబు: "వాళ్లకి మానవ హక్కులేంటండీ, వాళ్లు మనుషులైతే కదా!" నిజమే, ఆ నేరం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. కానీ నేరం చేసింది వాళ్లేనని మనకి చెప్పిందెవరు? వాళ్లని కాల్చిన పోలీసులే. కోర్టులో సాక్ష్యం నిలబడి ఉంటే ఆ అమ్మాయికి న్యాయం జరిగిందని గుండె మీద చెయ్యేసుకుని చెప్పేవాళ్లం. ఇప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేరు. నిందితులతోపాటు ఆ అమ్మాయి కేసు కూడా ఆ పొలాల్లోనే చచ్చిపోయింది.

చట్టం లేక ఇలా జరిగిందా అంటే, బోలెడన్ని ఉన్నాయి. రాజ్యాంగం 21వ అధికరణం ఏ వ్యక్తి ప్రాణమైనా చట్టం చెప్పిన పద్ధతిలో తప్ప తియ్యకూడదంటుంది. 1993లో పార్లమెంటు మానవ హక్కుల పరిరక్షణ చట్టం చేసింది. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటివాళ్లు ఆంధ్రలో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద పోరాడితే, జాతీయ కమిషన్ 1996లో ఉత్తర్వులిచ్చి, 1997లో అన్ని రాష్ట్రాలకీ మార్గదర్శకాలు పంపింది. 2009 ఫిబ్రవరిలో ఐదుగురు జడ్జీల హైకోర్టు ధర్మాసనం, ప్రతి ఎన్‌కౌంటర్ చావుకీ హత్య కేసు నమోదు చెయ్యాలని, ఆత్మరక్షణో కాదో కోర్టులో తేలాలని చెప్పింది. పోలీసు అధికారుల సంఘం సుప్రీంకోర్టుకెళ్లి దాని అమలు ఆపించింది. 2014లో సుప్రీంకోర్టే పదహారు మార్గదర్శకాలిచ్చింది. ఇన్ని ఉండి కూడా 2019 జరిగింది.

కారణం ఒక్కటే. ఈ చట్టాలు ప్రజల మీద చట్టాలు, ప్రభుత్వం మీద సలహాలు. కమిషన్ సిఫార్సు చెయ్యగలదు గానీ ఆదేశించలేదు. విధి నిర్వహణలో చేశానన్న ఉద్యోగి మీద కేసు నడవాలంటే ముందు ప్రభుత్వమే అనుమతివ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 197వ సెక్షన్, 2024 నుంచి వచ్చిన కొత్త చట్టంలో 218. ఇప్పుడు 120 రోజుల గడువు పెట్టారు, కానీ అనుమతి మాత్రం అనుమతే. చేను మేసిన కంచె మీద ఫిర్యాదు చెయ్యడానికి కంచెనే అడగాలట!

"అమెరికా ఏమన్నా తక్కువ తిందా?" అంటారు. తినలేదు. మా అర్కన్సాలోనే చూడండి. 1957లో లిటిల్‌రాక్ సెంట్రల్ హైస్కూల్లోకి తొమ్మిదిమంది నల్లపిల్లలు అడుగు పెట్టకుండా గవర్నర్ ఫాబస్ నేషనల్ గార్డ్‌ని నిలబెట్టాడు. ఆయన మా పక్క మాడిసన్ కౌంటీ మనిషే. ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ సైన్యాన్ని దింపి పిల్లల్ని లోపలికి పంపించాడు. మరుసటేడు సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ సంతకాలు పెట్టి, గవర్నరైనా శాసనసభైనా రాజ్యాంగానికి లోబడాల్సిందేనని తీర్పు చెప్పారు.

మా పిల్లలకి ఆ స్కూలు చూపించడానికి తీసుకెళ్లాను. పెద్దది అడిగింది: "నాన్నా, ఆ గవర్నర్‌కి తర్వాత ఏమైంది?" ఏమవుతుంది, జనం ఆయన్ని మొత్తం ఆరుసార్లు గెలిపించారు. ఆ మాట చెబుతుంటే నా చప్పట్లు గుర్తొచ్చాయి. ఫాబస్‌కి చప్పట్లు కొట్టినవాళ్లూ పిల్లల తండ్రులే. జనం మెచ్చుకున్నంత మాత్రాన ప్రభుత్వం చేసింది చట్టమైపోదు. అసలు జనం మెచ్చుకునే రోజునే చట్టం అవసరం ఎక్కువ.

వీసాల మీద బతికే మనకి ఇది ఇంకా బాగా తెలియాలి. ఓటు లేని మనల్ని ఇక్కడ కాపాడేది పధ్నాలుగో సవరణలో ఉన్న ఒక్క మాట, 'పౌరుడు' కాదు, 'వ్యక్తి'. మన 21వ అధికరణంలోనూ అదే మాట. ఇక్కడ మనకి కావలసిన ఆ మాటని అక్కడ ఇంకొకరికి వద్దనడం ఏం న్యాయం?

నేనడిగేవి మూడే. కస్టడీ చావుల్లో ప్రభుత్వ అనుమతి షరతు తీసెయ్యాలి. కమిషన్ మాటకి ఆదేశం బలమివ్వాలి. చిత్రహింసల మీద 1997లో సంతకం పెట్టి ఇంతవరకూ ఆమోదించని అంతర్జాతీయ ఒప్పందాన్ని ఆమోదించాలి. వీటిలో కొత్త హక్కు ఒక్కటీ లేదు. తను రాసిన చట్టానికి తను లోబడమనడమే.

వచ్చే పాట్‌లక్‌లో ఈ మాటలే మళ్లీ చెబుతాను. ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. 2019లో నాతో ఎవరైనా ఇలా మాట్లాడి ఉంటే నాకూ కోపమే వచ్చేది.