చార్జింగ్ కేంద్రానికి వరద మట్టమే కొలత

విద్యుత్ వాహనాల చార్జింగ్ వ్యవస్థలో నాలుగు అంగాలుంటాయి: కరెంటు తెచ్చే ఫీడరు, దాని వోల్టేజీని తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, బండికి ఎక్కించే చార్జరు, ఇవన్నీ నిలబడే నేల. మొదటి మూడింటికి దేశమంతటికీ వర్తించే ప్రమాణాలున్నాయి. నేల మాత్రం ఊరికో తీరు. విజయవాడలో, కృష్ణా డెల్టాలో చార్జింగ్ వసతి గురించి జరగాల్సిన ఆలోచన అక్కడి నుంచే మొదలవ్వాలి.

కొండ ప్రాంతాలకు ఈ సంగతి ముందే తెలిసివచ్చింది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, యంత్రాల వేడిని లాగేసే శక్తి దానికి తగ్గుతుంది. అందుకే 1,000 మీటర్ల ఎత్తు వరకు పనికొచ్చేలా చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌ను అంతకన్నా పైన పెడితే దానిపై పూర్తి లోడు వేయరు. చలి మరో సమస్య. సున్నా డిగ్రీల కన్నా చల్లబడిన లిథియం బ్యాటరీకి గబగబా కరెంటు ఎక్కిస్తే లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ దెబ్బతింటుంది. ఇన్ని చిక్కులున్నా హిమాచల్ ప్రదేశ్‌లో 2017లోనే మనాలి-రోహతంగ్ దారిలో విద్యుత్ బస్సును నడిపి చూశారు. ఆ బస్సు హైదరాబాద్‌కు చెందిన గోల్డ్‌స్టోన్, అంటే ఇప్పటి ఒలెక్ట్రా సంస్థది. స్పితి లోయలో 3,700 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్న కాజాలో 2021లో చార్జింగ్ కేంద్రం వచ్చింది. మన దగ్గర 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు తిరుపతి నుంచి తిరుమల కొండెక్కుతున్నాయి. కొండ దిగేటప్పుడు బ్రేకు వేస్తే ఆ శక్తిలో కొంత మళ్లీ బ్యాటరీకే చేరుతుంది కాబట్టి ఘాట్ రోడ్డు ఈ బస్సులకు అనుకూలమే.

డెల్టాలో చిక్కు ఇందుకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఇక్కడ చలి లేదు, ఎత్తు అసలే లేదు. ఉన్నవి మూడు: ఎండ, ఉప్పుగాలి, నీరు. లిథియం బ్యాటరీలను మామూలుగా 0 నుంచి 45 డిగ్రీల మధ్య చార్జింగ్ పెట్టాలని తయారీదారులు చెబుతారు. మే నెలలో విజయవాడ పగటి ఉష్ణోగ్రత ఆ పైగీతకు చేరువవుతుంది, కొన్నేళ్లు దాటుతుంది కూడా. కిరాయిలు తిప్పి అప్పుడే ఆగిన ఆటోలో బ్యాటరీ బయటి గాలి కన్నా వేడిగా ఉంటుంది. ఆ వేడిలో ప్లగ్గు పెడితే బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ వ్యవస్థ కరెంటును తగ్గిస్తుంది, లేదా ఆపేస్తుంది. మూడు గంటల్లో అవుతుందనుకున్న చార్జింగ్ అయిదు గంటలు పడుతుంది. నీడ, గాలి ఆడే కప్పు ఉంటే ఆ సమయం చాలావరకు మిగులుతుంది. కాబట్టి విజయవాడ చార్జింగ్ కేంద్రానికి రేకుల షెడ్డు కన్నా ఎత్తయిన, నాలుగు వైపులా గాలి తిరిగే పందిరి అవసరం. మచిలీపట్నం, అవనిగడ్డ వైపు ఉప్పుగాలి కూడా తోడవుతుంది. అక్కడ కనెక్టర్ల పిన్నులు, ఎర్తింగ్ బిగింపులు త్వరగా తుప్పు పడతాయి. ఎర్తింగ్ తనిఖీ మిగతా చోట్ల కన్నా తరచుగా జరగాలి.

ఇక్కడ తిరిగే బండ్ల తీరు కూడా చూడాలి. విద్యుత్ వాహనాలనగానే కార్లు, జాతీయ రహదారి పక్కన వేగంగా ఎక్కించే పెద్ద చార్జర్లు గుర్తొస్తాయి. కోల్‌కతా-చెన్నై రహదారి, హైదరాబాద్-మచిలీపట్నం రహదారి విజయవాడలోనే కలుస్తాయి కనుక అవీ కావాల్సినవే. కానీ ఊళ్లో రోజూ బతుకుతెరువు కోసం తిరిగేవి స్కూటర్లు, ఆటోలు, సరుకు ఆటోలు. కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలోనూ ఈ లెక్క కనబడుతుంది. చార్జింగ్ వసతికి కేటాయించిన 2,000 కోట్ల రూపాయలతో పెట్టదలచిన 72,300 చార్జర్లలో 48,400 ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకే.

ఈ చిన్న బండ్లు ఇప్పుడు ఎక్కువగా ఇళ్ల దగ్గరే చార్జింగ్ అవుతున్నాయి. సందులో కాలువ గట్టున ఆపిన ఆటోకు కిటికీ ఊచల మధ్య నుంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు వేలాడుతుంది. ఊడదీసే బ్యాటరీ అయితే నేరుగా పడకగదిలోకే వస్తుంది. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో అలా రాత్రి ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే నెలలో నిజామాబాద్‌లోనూ ఇలాంటి ప్రమాదమే ఒక ప్రాణం తీసింది. ఆ ఏడాది వరుస ప్రమాదాల తర్వాత కేంద్ర రవాణా శాఖ బ్యాటరీ భద్రతా ప్రమాణం ఏఐఎస్-156ను కట్టుదిట్టం చేసి, 2022 డిసెంబరు నుంచి రెండు దశల్లో అమల్లోకి తెచ్చింది. ప్రమాణం బండికి వర్తిస్తుంది. ఇంటి పాత వైరింగుకు, సన్నని ఎక్స్‌టెన్షన్ తీగకు వర్తించదు. పేటలో నడిచివెళ్లే దూరంలో చార్జింగ్ చోటు ఉంటేనే బ్యాటరీ పడకగది దాటుతుంది.

అయితే ఆ చోటును ఎక్కడ, ఎంత ఎత్తున పెట్టాలి? కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల ప్రకారం చార్జింగ్ సాకెట్ నేల నుంచి కనీసం 800 మిల్లీమీటర్ల ఎత్తులో ఉండాలి. అంటే రెండున్నర అడుగుల పైచిలుకు. దేశంలో చాలా ఊళ్లకు అది చాలు. విజయవాడకు చాలదు. 2024 ఆగస్టు 31న కురిసిన కుంభవృష్టికి బుడమేరు వాగు పొంగి, డైవర్షన్ కాలువ కట్టకు గండ్లు పడి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ మునిగాయి. చాలా వీధుల్లో నీరు మనిషి ఎత్తుకు చేరింది, ఇళ్ల ముందున్న ఆటోలు, మోటార్ సైకిళ్లు రోజుల తరబడి నీళ్లలోనే ఉండిపోయాయి. సెప్టెంబరు 2న కృష్ణా నదిపై ఉన్న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు సముద్రం వైపు వెళ్లింది. 2009 అక్టోబరు నాటి రికార్డును ఇది దాటేసింది. ఎక్కువగా మునిగిన ఆ పేటల్లోనే రోజుకూలీలు, ఆటోవాళ్లు ఎక్కువ. చార్జింగ్ చోట్లు ముందు కావాల్సిందీ అక్కడే.

అందువల్ల డెల్టాలో కొలత నేల నుంచి కాకుండా పోయిన వరద గోడ మీద వదిలిన గీత నుంచి మొదలవ్వాలి. చార్జరులో కరెంటు మార్చే భాగం, మీటరు, స్విచ్చులు ఆ గీతకు పైన ఉండాలి; కిందికి కేబులు మాత్రమే రావాలి. నీరు వస్తుందనగానే ఆ కేంద్రానికి మాత్రమే కరెంటు ఆపేయడానికి వేరే స్విచ్చు ఉండాలి. ఫ్లైఓవర్ల కింది ఖాళీ స్థలం, కాలువ గట్టు పోరంబోకు చవకగా దొరుకుతాయి కానీ వాన పడితే ముందు నీరు నిలిచేవి అవే. బస్టాండ్లు, మార్కెట్ భవనాలు, మెరక మీది మునిసిపల్ స్థలాలు మేలు. వరద తగ్గాక మరో జాగ్రత్త కావాలి. నీట మునిగిన లిథియం బ్యాటరీ పైకి బాగానే కనిపించినా లోపల తేమ చేరితే తర్వాతెప్పుడో షార్ట్ అయ్యి మండవచ్చు. తనిఖీ కాకుండా దాన్ని చార్జింగ్ పెట్టకూడదు. మునిగిన పేటలకు వెళ్లే సహాయ బృందాల్లో ఈ తనిఖీ చేయగల మెకానిక్ ఉండడం అవసరం.

నీటి తర్వాత చూడాల్సింది లోడు. ఆటో చార్జరు మామూలుగా 3 కిలోవాట్ల దాకా లాగుతుంది. రాత్రి తొమ్మిదికి ఒక పేటలో 30 ఆటోలు ఒకేసారి ప్లగ్గు పెడితే 90 కిలోవాట్లు. వీధిలో ఉన్నది 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ అయితే, ఏసీలు నడిచే వేసవి రాత్రి దానికి ఆ భారం మోసే పాటి ఖాళీ ఉండదు. పల్లెల్లో ఇంకో రకం చిక్కు. కైకలూరు, కలిదిండి, బంటుమిల్లి, కృత్తివెన్ను వైపు చేపల, రొయ్యల చెరువులు విస్తారం. నీటిలో ప్రాణవాయువు తగ్గేది రాత్రి పొద్దుపోయాక, తెల్లవారుజామున. ఏరియేటర్లు ఆ వేళే ఆగకుండా తిరగాలి, కరెంటు పోతే గంటల్లో పంట పోతుంది. చెరువుల ఫీడరు మీదే రాత్రి చార్జింగ్ కూడా పెరిగితే నష్టపోయేది రైతు.

రెండింటికీ విరుగుడు పగటి కరెంటు. రాష్ట్రంలో సౌర విద్యుత్ పగలు పుష్కలం. 2024 సెప్టెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ విడుదల చేసిన మార్గదర్శకాలు దీన్ని ధరలోకి తెచ్చాయి: ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు చార్జింగ్ కేంద్రాలకిచ్చే కరెంటు ధర సగటు సరఫరా వ్యయంలో 0.7 రెట్లకు, మిగతా వేళల్లో 1.3 రెట్లకు మించరాదు. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు వరకు ఎండకు కిరాయిలు పలచబడి ఆటోలు ఎలాగూ ఆగుతాయి. ఆ విరామంలో స్టాండు దగ్గరే, నీడలో, చవక ధరకు చార్జింగ్ దొరికితే రాత్రి భారం చాలావరకు దిగుతుంది. విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) ఇచ్చే రాయితీ చార్జరు దగ్గర డ్రైవరు కట్టే బిల్లులో కనబడాలి. మధ్యలో నిర్వాహకుడి లాభంగా మిగిలిపోతే ఎవరూ వేళ మార్చుకోరు.

బస్సుల లెక్క వేరు. కేంద్రం 2023 ఆగస్టులో ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవా పథకంలో విజయవాడ కూడా ఉంది. డిపోలకు కరెంటు తెచ్చే ఏర్పాట్లకూ ఆ పథకం నిధులిస్తుంది. బస్సుకు 120 కిలోవాట్ల చొప్పున 20 బస్సులు ఒకేసారి చార్జింగ్ పెడితే 2.4 మెగావాట్లు కావాలి. వీధి ట్రాన్స్‌ఫార్మర్‌తో అయ్యే పని కాదిది; డిపోకు ప్రత్యేక 33 కేవీ లైను, సబ్‌స్టేషన్ తప్పవు. అక్కడా వరద గీత నియమమే వర్తిస్తుంది. వరదలో జనాన్ని తరలించాల్సిన బస్సులే చార్జింగ్ లేక నిలిచిపోతే ఆ డిపో కట్టి లాభం లేదు.

వసతి పెంచడానికి చట్టం అడ్డు లేదు. చార్జింగ్ కేంద్రం నడపడానికి విద్యుత్ లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018 ఏప్రిల్‌లోనే తేల్చింది. రాష్ట్రం 2024-29 కాలానికి కొత్త విద్యుత్ వాహన విధానం తెచ్చింది. నగరాల్లో 2030 కల్లా ప్రతి కిలోమీటరు చదరానికి ఒక కేంద్రం ఉండాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే చదరాలు గీసే పటానికి పల్లం, మెరక తెలియవు. కాజాలో ఎత్తును, చలిని లెక్కగట్టకుండా చార్జరు పెట్టలేరు. ఇక్కడ నీటిని లెక్కగట్టకుండా పెట్టేస్తున్నారు, తేడా వరద వచ్చిన నాడే తెలుస్తుంది. నగరపాలక సంస్థ, ఇక్కడి డిస్కమ్ ఏపీసీపీడీసీఎల్, రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ కలిసి చేయాల్సిన పని చిన్నది. చార్జింగ్ కేంద్రం అనుమతి దరఖాస్తులో రెండు గడులు చేర్చాలి: 2024 సెప్టెంబరులో అక్కడ నీరు ఎంత ఎత్తుకు వచ్చింది, అక్కడి ట్రాన్స్‌ఫార్మర్‌పై రాత్రి లోడు ఎంత. ఈ రెండూ నింపని దరఖాస్తుపై సంతకం పెట్టకూడదు.