సరస్సు వేళలు, సార్వత్రిక పది
పులికాట్ సరస్సులో రాత్రంతా రొయ్యల వల కాచి, తెల్లవారాక భీములవారిపాళెం రేవులో పడవ దిగే మనిషి వయసు మీరాక పదో తరగతి రాయదలిస్తే, 1991లో ఏర్పడిన సార్వత్రిక విద్యాపీఠం, అనగా రోజూ బడికి పోనక్కర లేకుండా చదివించే ప్రభుత్వ సంస్థ, 14 ఏళ్లు నిండిన ఎవరినైనా చేర్చుకొని, గట్టెక్కిన సబ్జెక్టు మార్కులను 5 ఏళ్లపాటు నిలిపి ఉంచుతుంది. నిబంధన ఉదారమైనదే, చిక్కంతా సంపర్క తరగతులతో, అనగా సెలవు దినాల్లో అధ్యయన కేంద్రంలో జరిగే బోధనతో వస్తుంది. ఆదివారమే చేపలకు గిరాకీ (ఆ సంగతి కాలపట్టిక వేసేవారి వంటింటికీ తెలుసు). కేంద్రాల వేళలను సరస్సు పనిని బట్టి నిర్ణయించనంత కాలం ఆ సరస్సులోని ఇరకం దీవి అభ్యాసకుడు లెక్కల పుస్తకాన్ని ఉప్పునీరు తగలకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని, పడవలోనే తెరిచి చూసుకోవలసి వస్తుంది.